బతికి బయటపడితే కేసు: 309 సెక్షన్ వెనుక కథ

వరంగల్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి పురుగుమందు తాగిన మనిషిని ఆస్పత్రికి తెచ్చినప్పుడు ఇంటివాళ్లు చాలాసార్లు చెప్పే మాట ఒకటుంది: "పత్తికి మందు కొడుతుంటే గాలికి మీద పడ్డది సార్." డాక్టరుకు సంగతి తెలియక కాదు. క్యాజువాలిటీలో ఎంఎల్సీ (మెడికో లీగల్ కేసు, అంటే పోలీసులకు తెలియజేసే ఆస్పత్రి రికార్డు) రాస్తే పోలీసులొస్తారు, స్టేషన్ చుట్టూ తిరగాలి, ఊళ్లో నలుగురి నోళ్లలో పడాలి. ఆ టెన్షన్‌కు కారణం లేకపోలేదు.

1860 నాటి భారత శిక్షాస్మృతి (ఐపీసీ)లో 309వ సెక్షన్ ఆత్మహత్యాయత్నాన్ని నేరం చేసింది. ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదంటే రెండూ. అంతకుముందు నిజాం ఏలుబడిలో ఉన్న ఓరుగల్లుకు ఐపీసీ 1951లో వచ్చింది. మనకు ఆ సెక్షన్ అంటగట్టిన ఇంగ్లండ్ 1961లో తన దగ్గర ఆ నేరాన్ని ఎత్తేసుకుంది. మన లా కమిషన్ కూడా 1971లోనే తీసేయమంది. 1978లో రాజ్యసభ సరేనంది. ఇంతలో లోక్‌సభ రద్దయి బిల్లు మురిగిపోయింది.

ఇక కోర్టులు తలోమాట చెప్పాయి. మానసిక జబ్బుతో ఉన్న ఒక కానిస్టేబుల్ కేసులో బాంబే హైకోర్టు 1986లో ఈ సెక్షన్‌ను కొట్టేసింది. ఇలాంటివాళ్లకు వైద్యం కావాలి గానీ జైలు ఎందుకంది. అదే దశకంలో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మాత్రం సెక్షన్ సక్రమమేనంది. సుప్రీంకోర్టు 1994లో కొట్టేసి, 1996లో ఐదుగురు జడ్జీల బెంచితో మళ్లీ నిలబెట్టింది.

సరిగ్గా ఆ తర్వాతే 1997-98 పత్తి సీజన్ వచ్చింది. ఎన్ని మందులు కొట్టినా లద్దె పురుగు చావలేదు. విత్తనాలు, మందులు అప్పుకిచ్చిన షావుకారే పంటకూ ధర కట్టాడు. వరంగల్ జిల్లా రైతుల చావులు దేశమంతా తెలిశాయి. చర్చంతా అప్పులు, నకిలీ మందుల మీద నడిచింది, నడవాల్సిందే. బతికి బయటపడ్డవాళ్ల ఊసు మాత్రం పెద్దగా రాలేదు. కడుపు కడిగి, సెలైన్ ఎక్కించి, నాలుగు రోజులకు ఇంటికి పంపితే అయిపోయినట్టే. పొరపాటున మీద పడ్డదని రాయించుకున్న మనిషిని మానసిక వైద్యుడి దగ్గరికి ఎవరు పంపుతారు? 309 కింద జైలుకు పోయినవాళ్లు తక్కువే. దాని భయంతో వైద్యానికి దూరమైనవాళ్లే ఎక్కువని నా అభిప్రాయం.

2018 మేలో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 115వ సెక్షన్‌తో లెక్క తిరగేసింది. ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, వైద్యం, పునరావాసం ప్రభుత్వమే చూడాలి. అయినా 309 పుస్తకంలో అలాగే ఉండిపోయింది. ఐపీసీ స్థానంలో 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది లేదు. ప్రభుత్వోద్యోగిని విధి నుంచి ఆపడానికో, అతనితో ఏదో పని చేయించుకోవడానికో ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లకు మాత్రం 226వ సెక్షన్ మిగిల్చారు (ధర్నాలు చేసేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినట్టుంటుంది).

విషం కేసులకు ఎంఎల్సీ ఇప్పటికీ రాస్తారు. రాసినంత మాత్రాన బతికిన మనిషి మీద కేసు పెట్టినట్టు కాదు. ఈ ముక్క క్యాజువాలిటీ గోడ మీద తెలుగులో పెద్దక్షరాలతో రాసిపెట్టొచ్చు. దాని కిందే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు కూడా: 14416. ఏ వేళ చేసినా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చుండదు.