స్ట్రెచర్ మీద తీసుకెళ్లారంటే జబ్బు చేసిందనా? అంతరిక్షం నుంచి తిరిగొచ్చాక అపోహలు - వాస్తవాలు

నేను ఏరోస్పేస్ మెడిసిన్ డాక్టర్‌ని. వ్యోమగాముల క్యాప్సూల్ దిగిన వీడియో వచ్చిన ప్రతిసారీ అందరూ అడిగేది ఒకటే: "పాపం, ఏమైంది వాళ్లకి?"

అపోహ: కాళ్లలో సత్తువ పోయింది, అందుకే మోసుకెళ్తున్నారు.

వాస్తవం: కండరాలు కొంత తగ్గే మాట నిజమే. కానీ మొదటి గంటల్లో అసలు ఇబ్బంది చెవి లోపల ఉంటుంది. లోపలి చెవిలో ఇసుక రేణువుల్లాంటి సన్నటి స్ఫటికాలు ఉంటాయి. తల ఎటు వంగిందో మెదడుకి చెప్పేది వాటి బరువే. అంతరిక్ష స్టేషన్‌లో నెలల తరబడి ఆ బరువు తెలియదు కాబట్టి మెదడు వాటిని పక్కనపెట్టి కళ్లనే నమ్ముకుంటుంది. కిందికి రాగానే ఆ సంకేతాలు ఒక్కసారిగా మొదలవుతాయి. కింద పడిన పెన్ను కోసం కాస్త వంగితే చాలు, ముందుకి దొర్లిపోతున్నట్టు అనిపిస్తుంది. వరండాలో మలుపు తిరగబోతే భుజం గోడకి తగులుతుంది. వాంతులు కూడా అవుతాయి. అందుకే తల మెల్లగా తిప్పమని పదే పదే చెబుతాం.

దీనికి బీపీ తోడవుతుంది. అంతరిక్షంలో రక్తంలోని ద్రవం తగ్గుతుంది. ఇక్కడ నిలబడగానే రక్తం కాళ్లలోకి దిగి కళ్లు బైర్లు కమ్ముతాయి. దిగే ముందు ఉప్పు మాత్రలు, నీళ్లు తీసుకునేది, బిగుతు దుస్తులు వేసుకునేది అందుకే. స్ట్రెచర్ కూడా అలాంటి ముందుజాగ్రత్తే.

అపోహ: అక్కడ గురుత్వాకర్షణే ఉండదు.

వాస్తవం: స్టేషన్ ఉండేది దాదాపు 400 కి.మీ. ఎత్తులో. అక్కడ కూడా నేల మీది గురుత్వాకర్షణలో సుమారు 90 శాతం ఉంటుంది. స్టేషనూ మనుషులూ కలిసి భూమి చుట్టూ పడుతూనే ఉంటారు కాబట్టి బరువు తెలియదు.

అపోహ: సునీతా విలియమ్స్ తిరిగొచ్చే దారి లేక ఇరుక్కుపోయారు.

వాస్తవం: 2024 సెప్టెంబరులోనే ఆమె, తోటి వ్యోమగామి తిరిగొచ్చేందుకు రెండు ఖాళీ సీట్లతో డ్రాగన్ క్యాప్సూల్ స్టేషన్‌కి చేరింది. అనుకున్నదానికంటే చాలా ఎక్కువ రోజులు ఉన్నారు, 286 రోజులు. కానీ దారి మూసుకుపోలేదు.

అపోహ: రోజూ వ్యాయామం చేస్తారుగా, ఎముకలకేం కాదు.

వాస్తవం: నాకు ఎక్కువ దిగులు ఇక్కడే. వ్యాయామం లేకపోతే తుంటి ఎముక నెలకి 1 నుంచి 1.5 శాతం దాకా సాంద్రత కోల్పోతుంది. రోజుకి సుమారు 2 గంటల కసరత్తు ఆ నష్టాన్ని బాగా తగ్గిస్తుంది, పూర్తిగా ఆపలేదు. నడక కొన్ని వారాల్లో కుదుటపడుతుంది. కొందరి ఎముకలు మాత్రం ఏడాది గడిచినా మునుపటిలా అవ్వవు.

ఇంకొకటి, ఎవరూ అడగనిది. అక్కడ నిలకడగా ఉండాలంటే పాదాల్ని కడ్డీల కింద దూర్చాలి. దాంతో పాదం పైభాగం కాయకాస్తుంది, అరికాలు చంటిపిల్లల పాదంలా మెత్తబడుతుంది. అందుకే తిరిగొచ్చాక మొదటి రోజుల్లో మామూలు నేల కూడా గరుగ్గా తగులుతుంది.