నెట్ వాడనివాళ్ళ గురించి నెట్ వాడేవాళ్ళకున్న అపోహలు – వాస్తవాలు

పొదుపు సంఘాల అక్కలకు, పింఛను తీసుకునే పెద్దవాళ్ళకు ఫోన్ వాడకం, బ్యాంకు లావాదేవీలు నేర్పించడం నా పని. నేర్చుకునేవాళ్ళతో నాకు పెద్దగా ఇబ్బంది ఉండదు. వాళ్ళ పిల్లలకు, కౌంటర్ల వెనక కూర్చునేవాళ్ళకు నచ్చజెప్పడమే కష్టం. అందుకే నెట్ బాగా తెలిసినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

అపోహ: "మా అమ్మకు ఫోనే లేదు. ఆన్‌లైన్ మోసాలు ఆమెనేం చేస్తాయి?"

వాస్తవం: అమ్మకు ఫోన్ లేకపోవచ్చు, ఆధార్ జోడించిన బ్యాంకు ఖాతా ఉంది కదా. ఊళ్ళో బ్యాంకు తరఫున డబ్బు ఇచ్చే బ్యాంకు మిత్ర దగ్గర చిన్న మిషన్ మీద వేలు పెట్టి డబ్బు తీసుకుంటుంది. దాన్ని ఏఈపీఎస్, అంటే ఆధార్‌తో నడిచే చెల్లింపుల పద్ధతి అంటారు. దానికి కార్డు, పిన్, ఓటీపీ ఏవీ అక్కర్లేదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు. అంటే ఆమె ఖాతా ఇంటర్నెట్‌లోనే ఉంది, ఆ తెర మీద ఏం కనిపిస్తోందో ఆమెకు తెలియదు, అంతే.

"వేలిముద్ర పడలేదమ్మా, మళ్ళీ పెట్టు" అంటారు. నిజంగానే పడకపోవచ్చు, ఏళ్ళ తరబడి కూలిపని చేసిన వేళ్ళ మీద గీతలు అరిగిపోతాయి. మొదటిసారే డబ్బు కట్ అయి ఉండనూ వచ్చు. ఏది నిజమో రసీదు చెబుతుంది. అందుకే మా క్లాసులో మొదటి పాఠం యాప్ గురించి కాదు, రసీదు అడగడం గురించే. లావాదేవీ ఫెయిలైనా స్లిప్ ఇమ్మని అడగాలి. అనుమానం వస్తే ఇంకో కేంద్రానికి వెళ్ళి, అదే వేలిముద్రతో మినీ స్టేట్‌మెంట్ తీయించుకోవాలి.

పట్నంలో ఉండే పిల్లలు ఆధార్ యాప్‌లో అమ్మ బయోమెట్రిక్‌ను (వేలిముద్ర లాంటి గుర్తులను) లాక్ చేసేయొచ్చు. మంచి పనే. కానీ లాక్ ఉన్నంతసేపు ఆమె వేలిముద్ర ఆధార్‌తో ఎక్కడా సరిపోలదు. డబ్బు తీసుకునే రోజు అన్‌లాక్ చేయడం మర్చిపోతే ఆమె ఎండలో నిలబడి ఉత్త చేతులతో తిరిగొస్తుంది. లాక్ పెట్టేముందు ఆ సంగతి ఆమెకు చెప్పండి.

అపోహ: ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉంటే అందరూ నెట్ వాడుతున్నట్టే.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఎప్పుడైనా ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. మగవాళ్ళలో అది 48.8, 57.4 శాతం. ఆ తర్వాత ఫోన్లు బాగా పెరిగాయి. కానీ నేను చూసే ఇళ్ళలో ఫోన్ కొడుకు జేబులోనో, మనవడి చేతిలోనో ఉంటుంది. ఖాతాకు ఇచ్చిన నంబరు కూడా వాళ్ళదే, లేదంటే ఎప్పుడో రీచార్జ్ ఆగిపోయిన పాత సిమ్‌ది. డబ్బు కట్ అయిన మెసేజ్ ఆమెకు చేరదు. ఓటీపీ కావాలంటే కొడుకు పని నుంచి వచ్చేదాకా ఆగాలి. ఆమె నంబరు ఆమె ఖాతాకు జోడించడం నా దృష్టిలో అన్నిటికంటే ముందు చేయాల్సిన పని.

అపోహ: చదువు రానివాళ్ళకు, పెద్ద వయసువాళ్ళకు ఇవి నేర్పినా రావు.

చిట్టీల లెక్క, సంఘం అప్పు, వడ్డీ నోటితోనే చెప్పేవాళ్ళకు అంకెలు కొత్త కాదు. వాళ్ళను ఆపేది భయం. "ఏదైనా నొక్కితే డబ్బులు పోతాయేమో" అనుకుంటారు. ఆ భయానికి కారణం కూడా ఉంది, బ్యాంకు మెసేజ్ ఇంగ్లిష్‌లో వస్తుంది. మైక్ బొమ్మ నొక్కి తెలుగులో మాట్లాడితే ఫోన్ వెతికిపెడుతుందని చూపించండి, ముఖం వెలిగిపోతుంది. నేర్పేవాళ్ళు ఒక్కటి మాత్రం పాటించాలి. ఫోన్ వాళ్ళ చేతిలోనే ఉండాలి. "ఇటివ్వు, నేను చేస్తా" అని లాక్కుంటే ఆ రోజు పాఠం అయిపోయినట్టే.

అపోహ: మామూలు బటన్ ఫోన్‌తో యూపీఐ కుదరదు.

కుదురుతుంది. *99# కొట్టి, నెట్ లేకుండానే డబ్బు పంపొచ్చు, బ్యాలెన్స్ చూసుకోవచ్చు. బటన్ ఫోన్ల కోసమే రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో యూపీఐ 123పే ప్రారంభించింది. ఏ దారైనా ఖాతాకు జోడించిన నంబరు మన చేతిలో ఉండాలి, మళ్ళీ అక్కడికే వచ్చాం.

అపోహ: డబ్బు మన ఖాతాలోకి రావాలన్నా పిన్ కొట్టాలి.

అక్కర్లేదు. పిన్ కొడితే డబ్బు పోతుంది, లేదా బ్యాలెన్స్ కనిపిస్తుంది. "మీకు డబ్బు పంపుతున్నాం, స్కాన్ చేసి పిన్ కొట్టండి" అన్నవాడు దొంగే.

అపోహ: మోసపోయేది తెలియనివాళ్ళే.

పోలీసులమని వీడియో కాల్‌లో బెదిరించి డబ్బు గుంజే "డిజిటల్ అరెస్ట్" మోసంలో లక్షలు, కోట్లు పోగొట్టుకున్నవాళ్ళలో డాక్టర్లు, రిటైరైన అధికారులు ఉన్నారు. మన చట్టంలో అసలు అలాంటి అరెస్టే లేదు. ఎవరైనా మోసపోతే తిట్టకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి. ఇంట్లో తిడతారని దాచిపెట్టేవాళ్ళను చాలామందిని చూశాను, ఆ ఆలస్యంలో డబ్బు చేతులు మారిపోతుంది. ఖాతాదారు తప్పు లేకుండా బయటివాళ్ళ మోసంతో డబ్బు పోయినప్పుడు, మూడు పనిదినాల్లో బ్యాంకుకు తెలియజేస్తే ఆ నష్టం ఖాతాదారు మీద పడకూడదని 2017లోనే రిజర్వు బ్యాంకు ఆదేశించింది.

అపోహ: "అంతా ఆన్‌లైన్ అయింది, వాళ్ళే నేర్చుకోవాలి, మేమేం చేస్తాం?"

కౌంటర్లలో నేను తరచూ వినే మాట ఇది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందరికీ అందుబాటులో ఉండటం రాజ్యాంగంలోని ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. కెమెరా ముందు కళ్ళు ఆర్పలేక ఈ-కేవైసీ (ఆన్‌లైన్‌లో గుర్తింపు నిరూపించుకోవడం) పూర్తిచేయలేకపోయిన యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివారు వేసిన కేసు అది. పల్లెల్లో ఉండేవాళ్ళు, వృద్ధులు, పేదలు కూడా ఇలాగే బయట ఉండిపోతున్నారని తీర్పులో రాశారు. కాగితం మీద కేవైసీ చేసే అవకాశం కూడా ఉంచాలన్నారు. వేలిముద్ర పడని పెద్దావిడను ఊరికే వెనక్కి పంపే ముందు, ఐరిస్ (కంటిపాప గుర్తింపు) గానీ ముఖ గుర్తింపు గానీ ఉందేమో చూడమని సిబ్బందిని అడగండి, ఏదీ లేకపోతే కాగితం తీసుకోమనండి.