డనాటర్ కోటకు పైకప్పు ఎలా పోయింది?

స్కాట్లాండ్ ఈశాన్య తీరంలో, స్టోన్‌హేవన్ ఊరికి దక్షిణంగా సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో, సముద్రంలోకి చొచ్చుకుపోయిన ఒక పెద్ద బండ ఉంది. ఎత్తు దాదాపు 50 మీటర్లు. గులకరాళ్లు, ఇసుక కలిసి గట్టిపడిన రాయి అది. ఒడ్డుకూ దానికీ మధ్య సన్నటి నేల పట్టీ ఒక్కటే ఆధారం. ఆ బండ మీదే డనాటర్ కోట ఉంది. బురుజు, గుర్రపుశాలలు, చర్చి, పెద్ద పెద్ద భవనాలు ఇప్పటికీ వరసగా నిలబడి ఉన్నాయి. కానీ దాదాపు దేనికీ కప్పు లేదు. ఇంత బలమైన చోటు ఇలా ఎందుకు మొండిగోడలుగా మిగిలింది?

17వ శతాబ్దంలో ఇంగ్లండ్ రాజరికాన్ని కూల్చిన సేనాని క్రామ్‌వెల్ ఫిరంగుల వల్లే అని చటుక్కున జవాబు చెప్పేయొచ్చు. అది సగం జవాబే.

ఈ బండ మీద కోట ఉండటం చాలా పాత సంగతి. 681లో, మళ్లీ 694లో ఇక్కడ ముట్టడి జరిగిందని ఐర్లండ్ చరిత్ర పత్రాల్లో ఉంది. 1297లో ఇంగ్లీషువాళ్ల మీద పోరాడిన స్కాట్లాండ్ వీరుడు విలియం వాలస్ దీన్ని పట్టుకుని, చర్చిలో తలదాచుకున్న ఇంగ్లీషు సైనికులను తగలబెట్టాడని ఒక కథ ఉంది. అది దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత రాసిన కావ్యంలోది కాబట్టి అందులోని లెక్కలను నమ్మలేం. 14వ శతాబ్దం చివర్లో సర్ విలియం కీత్ ఇక్కడ రాతి బురుజు కట్టించాడు. చర్చికి చెందిన పవిత్ర నేల మీద కట్టాడని బిషప్ ఆయన్ని మతం నుంచి వెలివేశాడు. చివరికి 1395లో పోప్ జోక్యం చేసుకుని ఆ వెలిని తీయించాల్సి వచ్చింది. అప్పటి నుంచి మూడు వందల ఏళ్లకు పైగా డనాటర్ అంటే కీత్ వంశం. వాళ్లు ఎర్ల్ మార్షల్ అనే పదవిలో ఉండేవారు, కిరీటం లాంటి రాజచిహ్నాల రక్షణ వాళ్ల బాధ్యత.

ఆ బాధ్యతే 1651లో కోట మీదికి యుద్ధం తెచ్చింది. ఆ ఏడాది జనవరి 1న స్కూన్‌లో రెండో చార్లెస్ పట్టాభిషేకం జరిగింది. ఇంగ్లండ్ రాజుల కిరీటాన్ని క్రామ్‌వెల్ పక్షం అప్పటికే నాశనం చేసింది. స్కాట్లాండ్ కిరీటానికీ, రాజదండానికీ, ఖడ్గానికీ అదే గతి పట్టకూడదని డనాటర్‌కు చేర్చారు. శరత్కాలంలో ఇంగ్లీషు సైన్యం కోటను చుట్టుముట్టింది. లోపల జార్జ్ ఓగిల్వీ కింద ఉన్నది కొద్ది మంది సైనికులే. అయినా చలికాలమంతా నిలబడ్డారు. పెద్ద ఫిరంగులు వచ్చి పది రోజులు ఎడతెరిపి లేకుండా కాల్చాక, 1652 మే 24న లొంగిపోయారు. శత్రువులు లోపలికొచ్చి వెతికితే కిరీటం లేదు!

దాన్ని దాటించినవాళ్లు ఆడవాళ్లు. కినెఫ్ చర్చి పాస్టరు జేమ్స్ గ్రేంజర్ భార్య క్రిస్టియన్ ఫ్లెచర్, ఓగిల్వీ భార్య ఎలిజబెత్ డగ్లస్ ఇందులో ముఖ్యులు. క్రిస్టియన్ ఫ్లెచర్ వాటిని కోట కాపలా మధ్య నుంచే బయటికి తెచ్చిందని ఒక కథనం. కోట మీంచి తాళ్లతో దింపితే, కింద సముద్రపు నాచు ఏరుతున్నట్టు నటించిన పనిమనిషి ఒకామె అందుకుందని ఇంకో కథనం. ఏదైనా గానీ, కినెఫ్ చర్చి నేల కింద అవి 1660 దాకా భద్రంగా ఉన్నాయి. ఓగిల్వీ దంపతులను జైల్లో పెట్టినా రహస్యం బయటపడలేదు. విదేశాలకు పారిపోయిన రాజు రెండో చార్లెస్ తిరిగొచ్చాక పెద్ద ఫలం దక్కింది మాత్రం ఎర్ల్ తమ్ముడు జాన్ కీత్‌కు. కిరీటాన్ని ఫ్రాన్స్‌కు తీసుకుపోయానని చెప్పి శత్రువుల దృష్టి మళ్లించడం ఆయన చేసిన పని. ఆయన తర్వాత కింటోర్ ఎర్ల్ అయ్యాడు. క్రిస్టియన్ ఫ్లెచర్‌కు పార్లమెంటు 2,000 మెర్కులు (అప్పటి స్కాట్లాండ్ నాణేలు) ప్రకటించింది. ప్రాణాలకు తెగించిన మనిషికి అది చాలా తక్కువ అనే నా అభిప్రాయం.

ఫిరంగుల వల్ల కోట బాగా దెబ్బతిన్న మాట నిజం. కానీ ఆ తర్వాత కూడా అరవై ఏళ్లకు పైగా దాన్ని వాడారు. ఎలా వాడారన్నదే బాధాకరం. రాజు చెప్పిన చర్చి విధానాన్ని ఒప్పుకోని 167 మంది కవెనంటర్లను, 122 మంది మగవాళ్లు, 45 మంది ఆడవాళ్లను, 1685 మే నుంచి జులై చివరి దాకా ఇక్కడి నేలమాళిగలో కుక్కారు. కొందరు సముద్రం వైపు కిటికీ గుండా పారిపోయారు. చాలామందిని ఓడెక్కించి అమెరికాలోని న్యూజెర్సీకి పంపించారు. వాళ్లలో ఎంతోమంది దారిలోనే జ్వరంతో చనిపోయారు. కిరీటం కథ అందరూ చెబుతారు. ఈ గది కథను కూడా అంతే వివరంగా చెప్పాలి.

అసలు దెబ్బ 1715లో తగిలింది. పదో ఎర్ల్ మార్షల్ జార్జ్ కీత్, గద్దె కోల్పోయిన స్టువర్ట్ రాజవంశాన్ని మళ్లీ నిలబెట్టాలని జరిగిన జాకోబైట్ తిరుగుబాటులో చేరాడు. తిరుగుబాటు ఓడిపోయింది, ఆయన యూరప్‌కు పారిపోయాడు, ఆస్తులన్నీ ప్రభుత్వం జప్తు చేసింది. తర్వాత ప్రష్యా రాజు ఫ్రెడరిక్ కొలువులో రాయబారిగా పనిచేశాడు. ఆయనకు క్షమాభిక్ష దొరికేసరికి 1759 అయింది. ఈలోగా ఎస్టేట్ యార్క్ బిల్డింగ్స్ కంపెనీ చేతికి వెళ్లింది. లండన్‌కు నీళ్లు సరఫరా చేయడానికి పుట్టిన ఆ కంపెనీ, జప్తు అయిన స్కాట్లాండ్ ఎస్టేట్లను కొనే వ్యాపారంలోకి దిగింది. కోటలో అమ్మడానికి పనికొచ్చేవన్నీ, కప్పుతో సహా ఊడదీశారు. కప్పు పోయాక వాన గోడల్లోకి దిగుతుంది, చలికి ఆ నీరు గడ్డకట్టి రాళ్ల సందులను పగలగొడుతుంది. రెండు వందల ఏళ్లు అదే జరిగింది.

1919లో కౌడ్రే వైకౌంట్ వీట్‌మన్ పియర్సన్ ఈ ఎస్టేట్ కొన్నాడు. 1925 నుంచి ఆయన భార్య పూనుకుని మరమ్మతులు మొదలుపెట్టించింది. కోట మొత్తాన్ని తిరిగి కట్టే ప్రయత్నం చేయలేదు, ఉన్న గోడలు పడిపోకుండా నిలబెట్టడమే ప్రధానంగా పెట్టుకున్నారు. కోట ఇప్పటికీ ఆ కుటుంబం చేతిలోనే ఉంది, చట్టరీత్యా రక్షిత కట్టడం. టికెట్ కొనుక్కుని ఎవరైనా లోపలికి వెళ్లొచ్చు, గాలివాన ఎక్కువగా ఉన్న రోజుల్లో మాత్రం మూసేస్తారు. ఆనాటి కిరీటం, దండం, ఖడ్గం ఎడిన్‌బరో కోటలో ఉన్నాయి.