టిషియన్ 'పవిత్ర ప్రేమ, లౌకిక ప్రేమ': అపోహలు - వాస్తవాలు

రోమ్‌లోని బోర్గీస్ గ్యాలరీలో ఉన్న ఈ చిత్రాన్ని వెనిస్ చిత్రకారుడు టిషియన్ సుమారు 1514లో గీశాడు. ప్రాచీన రోమన్ల రాతి శవపేటికను పోలిన ఒక నీటితొట్టికి ఇరుపక్కలా ఇద్దరు స్త్రీలు ఆసీనులై ఉండగా, వారి నడుమ ప్రేమదేవుడైన పసి క్యుపిడ్ నీటిని చేత్తో కలుపుతుంటాడు. పునరుజ్జీవన కాలపు అన్యాపదేశ (ప్రతీకల ద్వారా భావం చెప్పే) చిత్రాలను బోధించే నాకు, దీని విషయంలో ఏటా అవే అపోహలు ఎదురవుతుంటాయి.

అపోహ: నిండుగా దుస్తులు ధరించిన స్త్రీ దైవప్రేమకు, నగ్నంగా ఉన్న స్త్రీ కామానికి ప్రతీకలు.

వాస్తవం: కళాచరిత్రకారుడు ఎర్విన్ పానోఫ్‌స్కీ వంటి పండితులు దీన్ని పూర్తిగా తలకిందులు చేసి, నగ్న స్త్రీనే దైవప్రేమగా చదివారు, నాకూ అదే సబబుగా తోస్తుంది. ఆ కాలపు ప్రతీకల భాషలో నగ్నత్వం ఏ ఆడంబరమూ లేని సత్యానికి గుర్తు కాగలదు. నగ్నంగా ఉన్న స్త్రీ మండుతున్న దీపపాత్రను పైకెత్తి పట్టుకుంది, ఆమె వెనుక దూరాన చర్చి శిఖరం కనిపిస్తుంది. రెండో స్త్రీ వెనుక కొండమీద కోట, సంతానానికి సంకేతమైన కుందేళ్లు ఉన్నాయి. అంతమాత్రాన రెండో ఆమె నీచురాలు కాదు. స్వయంగా క్రైస్తవ పురోహితుడైన ఇటలీ తత్వవేత్త మార్సీలియో ఫిచీనో, ప్రేమ గురించిన ప్లేటో గ్రంథం 'సింపోజియం'పై 1484లో అచ్చయిన తన వ్యాఖ్యానంలో, ప్రేమదేవత వీనస్ రెండు రూపాలైన దివ్య వీనస్, లౌకిక వీనస్ ఇద్దరూ గౌరవనీయులేనని వాదించాడు.

అపోహ: ఈ పేరు టిషియన్ పెట్టిందే.

వాస్తవం: కాదు. 1613 నాటి వర్ణనలో ఇది 'అలంకరణ లేని అందం, అలంకరించుకున్న అందం'. పవిత్ర, లౌకిక భేదం 1693 నాటి జాబితాలో వచ్చి చేరింది. మొదటి అపోహకు సగం కారణం ఈ పేరేనని నా అభిప్రాయం.

అపోహ: అన్యమత దేవతలున్న చిత్రానికి క్రైస్తవ వివాహంతో సంబంధం ఉండదు.

వాస్తవం: తొట్టిపై చెక్కి ఉన్నది వెనిస్ ప్రభుత్వంలోని దశసభ్య మండలి కార్యదర్శి నికోలో ఔరేలియో వంశచిహ్నం. ఆయన 1514లో పదువాకు చెందిన లారా బగరొత్తో అనే వితంతువును వివాహమాడాడు. ఆమె తండ్రిని రాజద్రోహ నేరంపై అదే వెనిస్ ప్రభుత్వం 1509లో ఉరితీసిందన్న సంగతి తెలిస్తే, ఈ పెళ్లి ఎంత సున్నితమైనదో అర్థమవుతుంది. చిత్రంలో దుస్తులు ధరించిన స్త్రీ తెల్లని వస్త్రాలు, నడికట్టు, తలపై మిర్టిల్ అనే పొద ఆకుల దండ వధువుకు తగినవే. వివాహాన్ని చర్చి సంస్కారంగానే పరిగణించినా, 1563లో కేథలిక్ చర్చి ట్రెంట్ మహాసభ నిర్ణయించే వరకు అది చెల్లడానికి పురోహితుడి సమక్షం తప్పనిసరి కాదు. వధూవరుల పరస్పర సమ్మతే ప్రధానం. అందువల్ల వివాహాన్ని ఉద్దేశించిన చిత్రాలు బలిపీఠాల కంటే ఇళ్ల గోడలపైనే ఎక్కువగా ఉండేవి, వాటిలో వీనస్‌కు చోటుండటాన్ని ఎవరూ వింతగా చూసేవారు కాదు. తొట్టి మీది శిల్పంలో కళ్లెం లేని గుర్రం, దెబ్బలు తింటున్న మనిషి కనిపిస్తారు. అదుపులేని వాంఛను దండించి దారికి తేవడమని దీనికి పానోఫ్‌స్కీ చెప్పిన అర్థం వివాహ సందర్భానికి చక్కగా అతుకుతుంది.