రాతబల్ల ముందు ముగ్గు: ప్యాగన్ క్రతువుతో రచన, అపోహలు - వాస్తవాలు

కథ రాయడానికి కూర్చునే ముందు ఆధునిక ప్యాగన్ పద్ధతిలో, అంటే క్రైస్తవానికి ముందునాటి ఐరోపా దేవతలను, ప్రకృతిని కొలిచేవారి పద్ధతిలో, ఒక చిన్న క్రతువు చేసుకోవడం పద్నాలుగేళ్లుగా నాకు అలవాటు. విశాఖపట్నంలో మేము కొందరం నెలకొకసారి ఒకచోట చేరి రాసుకుంటాం. అక్కడికి వచ్చే కొత్తవారు ఈ సంగతి తెలిశాక అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి కనుక, వాటి వెనుక ఉన్న అపోహలను తీసుకుని, నాకు అనుభవంలో తేలినవాటిని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ప్యాగన్ క్రతువంటే చేతబడి.

వాస్తవం: ‘పాగానుస్’ అనే లాటిన్ మాటకు మొదట పల్లెవాసి అని అర్థం. రోమన్ సామ్రాజ్యంలో క్రైస్తవం వ్యాపించిన తర్వాత, పాత దేవతలను విడవనివారికి అదే పేరు స్థిరపడింది. నేటి ప్యాగన్ మార్గాల్లో ఎక్కువగా వినిపించే విక్కాలో సైతాను ఆరాధన లేదు. సైతాను క్రైస్తవ భావన. అయినా ఈ అపోహను ఉత్తరాంధ్రలో తేలికగా తీసుకోకూడదు. చిల్లంగి (చేతబడి) పెట్టారన్న అనుమానంతో మన్యం గ్రామాల్లో మనుషులను చంపిన వార్తలు మనం చదివాం. అందువల్ల ఇంకొకరి మీద ప్రయోగించే ఏ క్రియనూ నేను చేయను, ఎవరికీ చెప్పను, సరదాకైనా ఆ మాట ఎత్తను. రచన కోసం చేసే క్రతువు పనిచేయవలసింది రాసేవారి మీదనే.

అపోహ: ఇది వేల ఏళ్లుగా చెక్కుచెదరకుండా వచ్చిన విద్య.

వాస్తవం: కాదు. బ్రిటన్‌లో మంత్రవిద్యా చట్టం 1951లో రద్దయిన తర్వాత, 1954లో జెరాల్డ్ గార్డ్‌నర్ ప్రచురించిన పుస్తకంతోనే విక్కా లోకానికి పరిచయమైంది. కవికి కలిగే ఆవేశాన్ని వేల్స్ భాషలో ‘అవెన్’ అంటారు; దానిని ఆవాహన చేసే నేటి డ్రూయిడ్ (ప్రాచీన బ్రిటన్ పూజారుల పేరు పెట్టుకున్నవారి) సభలకు మూలం 1792లో లండన్‌లోని ప్రింరోజ్ కొండ మీద వేల్స్ కవి ఇయోలో మోర్గానుగ్ జరిపిన సభ. ఆయన ప్రాచీనమని చూపినవాటిలో చాలా భాగం సొంత కల్పనేనని పండితులు తర్వాత తేల్చారు. కవుల ఆచారం ఒక కవి కల్పన మీద నిలబడటం నాకైతే లోపంగా కనిపించదు గానీ, దానిని ప్రాచీనమని చెప్పి డబ్బు తీసుకునేవారి దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. దేవతలు పాతవారే: కవులు కొలిచే దేవతగా బ్రిగిట్‌ను వెయ్యేళ్ల నాటి ఐరిష్ నిఘంటువు పేర్కొన్నది.

అపోహ: రచనకు ముందు మంత్రం, క్రతువు అనేవి తెలుగువారికి పరాయివి.

వాస్తవం: ఈ మాట అనేవారు మన ఛందశ్శాస్త్రాన్ని ఒకసారి తిరగేయాలి. మగణానికి భూమి, యగణానికి జలం, రగణానికి అగ్ని, సగణానికి వాయువు అధిదేవతలని, ఏ గణంతో కావ్యం మొదలుపెడితే ఏ ఫలం కలుగుతుందో ముందే చూసుకోవాలని లాక్షణికులు నియమం పెట్టారు. విక్కాలో వృత్తం గీసి నాలుగు దిక్కులా పిలిచేది కూడా భూమిని, జలాన్ని, అగ్నిని, వాయువునే. పోతన దుర్గను స్తుతించిన పద్యంలోని మహత్త్వ, కవిత్వ, పటుత్వ, సంపద అనే మాటలలో నాలుగు బీజాక్షరాలు దాగి ఉన్నాయని సంప్రదాయజ్ఞులు చెబుతారు. మన ఊరి సంగతే తీసుకుంటే, సింహాచలం మీదికి దండు వచ్చినప్పుడు గోగులపాటి కూర్మనాథ కవి స్వామిని నిలదీస్తూ శతకం చెప్పగా, తుమ్మెదల గుంపు లేచి ఆ దండును తరిమిందని ప్రతీతి. పద్యానికి లోకంలో ఒక పని జరిపించే శక్తి ఉందన్న నమ్మకం ఇంతకంటే సూటిగా మరెక్కడ ఉంటుంది?

అయితే పోలిక ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు. బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారిని స్వయంగా తాకి పసుపు కుంకుమలతో పూజించుకునే భక్తురాలిని ప్యాగన్ అని పిలవడం నా దృష్టిలో మర్యాద కాదు. ఆ పేరు ఆమె పెట్టుకున్నది కాదు.

అపోహ: ఆంగ్ల పుస్తకాల్లో ఉన్నట్టే చేయకపోతే ఫలితం ఉండదు.

వాస్తవం: ఆ పుస్తకాల్లో ఎక్కువ భాగం గాలిని తూర్పున, నీటిని పడమట ఉంచమంటాయి. బ్రిటన్, ఐర్లండ్ వారికి మహాసముద్రం పడమట ఉంది కనుక అది సహజమే. నేను మొదటి ఏడాది అలాగే చేసి, కిటికీలోంచి వినిపిస్తున్న సముద్రానికి వీపు పెట్టి నీటిని పిలుస్తున్నానని ఆలస్యంగా గ్రహించాను. ఇప్పుడు నీళ్ల చెంబు తూర్పున, గుప్పెడు మట్టి పడమట ఉంటాయి. విశాఖవాసికి పడమటనే తూర్పు కనుమలు ఉండటం వేరే విచిత్రం. అలాగే బ్రిగిట్ పండుగ ఫిబ్రవరి 1న, అక్కడ చలి సడలే వేళకు వస్తుంది. మనకు ఆ రోజులకు మామిడి పూత ఉంటుంది, దానికి అటూ ఇటూగానే సరస్వతిని కొలిచే వసంత పంచమీ వస్తుంది. నేను కొత్త రచనను ఆ పంచమినాడే మొదలుపెడతాను.

అపోహ: క్రతువు చేస్తే కథ దానంతట అదే వస్తుంది.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇది. ఐరిష్ కవి యేట్స్ 1890లో గోల్డెన్ డాన్ అనే మాంత్రిక సంఘంలో చేరాడు. 1917లో పెళ్లయిన తర్వాత ఆయన భార్య జార్జీ అప్రయత్న లేఖనంతో, అంటే చేయి ఎటు పోతే అటు రాయడంతో, వేల పుటలు నింపింది. ఆత్మలు పంపాయని ఆ దంపతులు భావించిన ఆ సందేశాలను వివరించడానికే మిగిలిన జీవితం వెచ్చిస్తానని ఆయన అంటే, తాము వచ్చింది కవిత్వానికి రూపకాలు ఇవ్వడానికేనని ఆ ఆత్మల నుంచి సమాధానం వచ్చిందని ఆయనే రాసుకున్నాడు. ఆ రూపకాలను కవితలుగా మలచిన శ్రమ మాత్రం ఆయనదే. పారిస్‌లో 1919లో ఫ్రెంచ్ కవులు బ్రెటన్, సూపో ఇదే అప్రయత్న లేఖనాన్ని ఆత్మల ఊసు లేకుండా చేసి చూశారు. విశాఖలో పుట్టిన శ్రీశ్రీని ఆకర్షించిన అధివాస్తవికత (సర్రియలిజం) అక్కడి నుంచి పెరిగినదే. ఆత్మను నమ్మినవారికీ నమ్మనివారికీ కూడా చేతికి వచ్చింది ముడిసరుకే.

క్రతువు నిజంగా చేసే పని చిన్నది. 2016లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో, ఇతరుల ముందు పాట పాడబోయే కొందరి చేత తమ మనఃస్థితిని బొమ్మగా గీయించి, దాని మీద ఉప్పు చల్లించి, ఐదు దాకా లెక్కపెట్టించి, ఆ కాగితాన్ని నలిపి చెత్తబుట్టలో వేయించారు. అలా చేసినవారు తక్కువ కంగారుతో మెరుగ్గా పాడారు. అవే పనులను క్రతువు అని చెప్పి చేయించినప్పుడు కనిపించిన మేలు, ఏవో కొన్ని పనులని చెప్పి చేయించినప్పుడు కనిపించలేదు.

నా క్రతువుకు పది నిమిషాలు చాలు. బియ్యప్పిండితో బల్ల ముందు చిన్న వలయపు ముగ్గు వేసి, ఫోను దాని బయట ఉంచి, ఫ్యాను ఆపి దీపం వెలిగించి, నాలుగు దిక్కులకూ మొక్కి, ఆ రోజు రాయబోయే సన్నివేశాన్ని ఒక్క వాక్యంలో పైకి చెబుతాను. కొత్త రచన మొదలుపెట్టిన రోజున సిగిల్ కూడా వేస్తాను. ఆంగ్ల చిత్రకారుడు ఆస్టిన్ ఒస్మన్ స్పేర్ ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిలో, కోరికను వాక్యంగా రాసి, మళ్లీ వచ్చిన అక్షరాలను కొట్టేసి, మిగిలినవాటిని ఒకే గుర్తుగా అల్లుతారు. తెలుగులో గుణింతాలు, వత్తులు తీసేసి హల్లులనే ఉంచుకుంటే పని సులువవుతుంది. మన అక్షరాల గుండ్రదనం వల్ల ఆ గుర్తు చూడటానికి మెలికల ముగ్గులా ఉంటుంది. ‘నా నవలకు బహుమతి రావాలి’ అన్న వాక్యంతో వేసిన సిగిల్ వల్ల నాకు ఒరిగిందేమీ లేదు. ‘ఈ నెల రోజూ రెండు పేజీలు రాస్తాను’ అన్నది చాలాసార్లు నెరవేరింది, ఎందుకంటే అది నా చేతిలో ఉన్న పని.

ముగించడం కూడా క్రతువులో భాగమే. దిక్కులకు వీడ్కోలు చెప్పి, దీపం కొండెక్కించి, ముగ్గు తుడిచేయాలి. ముగించకుండా లేచిన రోజుల్లో నా పాత్రలు భోజనాల దగ్గరికి కూడా వచ్చి కూర్చుంటాయి, ఇంట్లోవాళ్లకు నేను సరిగ్గా సమాధానం చెప్పను.

అపోహ: స్ఫటికాలు, మంత్రదండం, ప్రత్యేక కత్తి కొనాలి.

వాస్తవం: అక్కర్లేదు. పూర్ణా మార్కెట్లో దొరికే ప్రమిద, ఒత్తి, నువ్వుల నూనె చాలు.

అపోహ: ఒకసారి మొదలుపెట్టాక మానేస్తే కీడు జరుగుతుంది, లేదా రాత ఆగిపోతుంది.

వాస్తవం: కీడు సంగతి నేను ఎన్నడూ నమ్మలేదు గానీ, రాత ఆగిపోతుందని మాత్రం మొదట్లో లోలోపల భయపడ్డాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా కిటికీ తలుపు ఊడి, బల్ల తడిసిపోయింది. కరెంటు లేని ఆ రోజుల్లో ఇంట్లో ఉన్న ఒక్క దీపం వంటగదికి కావలసి వచ్చింది. ముగ్గు వేయడానికి పొడిగా ఉన్న నేల లేదు. మధ్యాహ్నపు వెలుతురులో మెట్ల మీద కూర్చుని, ఏ దిక్కునూ పిలవకుండా, పాత లెక్కల పుస్తకం వెనుక పేజీల్లో రాసిన కథనే ఆ ఏడాది నేను రాసినవాటిలో అతి తక్కువగా దిద్దవలసి వచ్చింది. అప్పటి నుంచి వారంలో ఒక రోజు, ఎక్కువగా మంగళవారం, క్రతువు లేకుండానే మెట్ల మీద రాస్తున్నాను.