జుట్టు మందుల సరసన బరువు మందులు

2023లో అమెరికాలోని ఒక మందుల దుకాణం. కౌంటరు ముందు ముగ్గురు నిలబడ్డారనుకుందాం. ముగ్గురి చీటీల్లోనూ ఉన్నది ఒకటే మందు, సెమాగ్లుటైడ్. మొదటి వ్యక్తికి మధుమేహం ఉంది, ఉద్యోగంతో వచ్చిన మంచి బీమా కూడా ఉంది. ఒజెంపిక్ పేరుతో ఉన్న సూది పెన్నుకు పాతిక డాలర్లు ఇచ్చి వెళ్లిపోయాడు. రెండో ఆమెకు మధుమేహం లేదు, ఊబకాయం ఉంది. ఆమె కంపెనీ తీసుకున్న బీమాలో బరువు మందులకు చోటు లేదు. అదే మందు వెగోవి పేరుతో నెలకు 1,349 డాలర్లు. తయారీదారు ఇచ్చే కూపను పుణ్యమా అని కొంత తగ్గినా, మిగిలేది వందల్లోనే. మూడో ఆయనకు 68 ఏళ్లు, వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్‌లో ఉన్నాడు. ఆయన బరువు మందుకు మెడికేర్ పైసా ఇవ్వదు. పోనీ కూపను వాడుకుందామంటే, ప్రభుత్వ బీమా ఉన్నవారికి అది చెల్లదని దాని మీదే రాసి ఉంది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే పథకాల రోగులకు కంపెనీలు డబ్బు ఆశ చూపకూడదన్న పాత చట్టానికి భయపడి పెట్టుకున్న నిబంధన అది.

బరువు మందుల ఖర్చు గురించి మాట్లాడేవారు ఎక్కువగా కంపెనీల అత్యాశ దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. అత్యాశ లేదని కాదు. కానీ మందు ధర ఎందుకంత ఉంది అనేది ఒక ప్రశ్న, ఆ ధర ఎవరి నెత్తిన పడుతుంది అనేది ఇంకో ప్రశ్న. రెండోదానికి జవాబు కావాలంటే 1990లో రాసిన ఒక పంక్తి దాకా వెనక్కి వెళ్లాలి.

పేదల వైద్య పథకం మెడికెయిడ్ మందుల ఖర్చును అదుపు చేయడానికి ఆ ఏడాది బడ్జెట్ చట్టంలో అమెరికన్ కాంగ్రెస్ కొన్ని నియమాలు చేర్చింది. కంపెనీలు ప్రభుత్వానికి రిబేటు, అంటే ధరలో కొంత వెనక్కి, ఇవ్వాలి, బదులుగా రాష్ట్రాలు ఆ కంపెనీల మందులన్నింటికీ డబ్బు చెల్లించాలి. అయితే రాష్ట్రాలు కావాలంటే వదిలేయదగిన మందుల జాబితా ఒకటి అందులోనే పెట్టారు. జాబితాలో మొట్టమొదటి అంశం ఆకలి, బరువు తగ్గడం, బరువు పెరగడానికి సంబంధించిన మందులు. ఆ వెంటనే సంతానం కోసం వాడేవి, అందం కోసమో జుట్టు పెరగడం కోసమో వాడేవి, దగ్గు జలుబు మందులు, పొగతాగడం మాన్పించేవి, విటమిన్లు, నిద్రమాత్రలు. మందు వాడకపోయినా కొంపేమీ మునగదు అనిపించిన సరుకునంతా ఒక మూలకు నెట్టిన జాబితా అది.

చట్టం రాసినవారిని పూర్తిగా తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. అప్పటికి బరువు మందుల చరిత్ర అలా ఉంది మరి. 1933లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు డైనైట్రోఫినాల్ అనే రసాయనం బరువు తగ్గిస్తుందని ప్రకటించారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్స్‌లోని పేలుడు పదార్థాల కర్మాగారాల్లో వాడినది కూడా అదే. తగ్గించిన మాట నిజమే. శరీరాన్ని లోపలి నుంచి కాగబెట్టి మరీ తగ్గించింది. కొందరు జ్వరం తారస్థాయికి చేరి చనిపోయారు, కొందరికి కంటిపొరలు వచ్చాయి. 1938లో కొత్త ఔషధ చట్టం వచ్చాక గానీ దానికి అడ్డుకట్ట పడలేదు.

తర్వాత యాంఫెటమైన్ల కాలం. 1950లు, 60లలో బరువు తగ్గించడమే పనిగా వెలసిన క్లినిక్‌లలో వైద్యుడే చీటీ రాసి, వైద్యుడే రంగురంగుల మాత్రలు అమ్మేవాడు. ఇంద్రధనుస్సు మాత్రలని వాటికి పేరు. ఒక రంగులో యాంఫెటమైన్, ఒకదానిలో థైరాయిడ్ హార్మోను, ఇంకొకదానిలో మూత్రం ఎక్కువగా పోయే మందు, వేరొకదానిలో గుండెజబ్బుకు వాడే డిజిటాలిస్. రోగి జేబులోంచి నేరుగా వైద్యుడి చేతికి డబ్బు. బీమా ఊసే లేదు. లైఫ్ పత్రిక విలేకరి ఒకామె, పెద్దగా బరువేమీ లేని మనిషి, పది మంది వైద్యుల దగ్గరకు వెళ్లి దాదాపు 1,500 మాత్రలు తెచ్చుకుంది. 1968లో ఆ కథనం, దాని వెంట సెనేట్ విచారణ వచ్చాయి. ఆ తరం చూసిన బరువు మందు అలాంటిది. దానికి ప్రజాధనం ఎందుకు అని వారు అనుకున్నారంటే ఆశ్చర్యం లేదు.

1990 తర్వాత జరిగినది ఆ అనుమానాన్ని ఇంకా బలపరిచింది. ఫెన్‌ఫ్లురమైన్, ఫెంటెర్మైన్ అనే రెండు మందుల జోడీ 1990లలో ఊపేసింది. 1997 జులైలో మేయో క్లినిక్ వైద్యులు ఈ జోడీ వాడిన 24 మంది మహిళల్లో గుండె కవాటాలు దెబ్బతిన్నట్టు బయటపెట్టారు. సెప్టెంబరుకల్లా ఫెన్‌ఫ్లురమైన్, దాని తోబుట్టువు డెక్స్‌ఫెన్‌ఫ్లురమైన్ మార్కెట్ నుంచి మాయమయ్యాయి. తయారీ కంపెనీ వందల కోట్ల డాలర్ల పరిహారం కట్టింది. ఆ గాయం పచ్చిగా ఉన్నప్పుడే మెడికేర్‌కు మందుల బీమా చేర్చే చట్టం వచ్చింది. 2003 డిసెంబరులో జార్జ్ బుష్ సంతకం చేసిన ఆ చట్టం కొత్తగా ఆలోచించలేదు, 1990 నాటి జాబితానే తెచ్చి అతికించుకుంది. తేడా ఒక్కటే. మెడికెయిడ్‌లో రాష్ట్రాలు కావాలంటే ఆ మందులు ఇవ్వవచ్చు. మెడికేర్ ప్రామాణిక మందుల బీమాలో ఇవ్వకూడదు. పొగతాగడం మాన్పించే మందులను మాత్రం ఆ నిషేధం నుంచి మినహాయించారు.

ప్రభుత్వంలో ఒక చేయి చేసేది ఇంకో చేతికి తెలియదనడానికి ఇక్కడ మంచి ఉదాహరణ ఉంది. అంతకు ఏడాదిన్నర ముందే, 2002లో, అమెరికా పన్నుల శాఖ ఊబకాయం ఒక జబ్బేనని తేల్చి, దాని చికిత్స కోసం బరువు తగ్గే కార్యక్రమాలకు కట్టిన సొమ్మును వైద్య ఖర్చుగా చూపవచ్చని తీర్పు చెప్పింది. మెడికేర్ తన నియమావళిలోంచి ఊబకాయం జబ్బు కాదన్న మాటను 2004లో తీసేసింది. 2006లో బరువు తగ్గించే శస్త్రచికిత్సకు డబ్బు ఇచ్చే పరిధిని పెంచింది. 2013లో అమెరికన్ వైద్య సంఘం కూడా జబ్బేనని ప్రకటించింది. అంటే పొట్ట కోయించుకుంటే బీమా ఉంది, మాత్ర మింగితే లేదు. ఆ నిషేధాన్ని ఎత్తేయాలన్న బిల్లు 2010ల తొలి ఏళ్ల నుంచి కాంగ్రెస్‌కు వస్తూనే ఉంది, చట్టం మాత్రం కాలేదు. చాలాకాలం దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు కూడా, ఎందుకంటే మార్కెట్లో ఉన్న మందులు అంతంతమాత్రం. సిబుట్రమైన్ గుండెకు ముప్పని 2010లో పోయింది, లోర్కాసెరిన్ క్యాన్సర్ భయంతో 2020లో పోయింది.

కథ మారింది ఒక విషపు బల్లి వల్ల. తిండి తిన్నాక మన పేగుల్లోంచి జీఎల్‌పీ-1 అనే హార్మోను విడుదలవుతుంది. ఇన్సులిన్‌ను పెంచుతుంది, ఆకలిని తగ్గిస్తుంది, కానీ నిమిషాల్లో కరిగిపోతుంది. 1990ల మొదట్లో మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేసే జాన్ ఎంగ్ అనే వైద్యుడు హీలా మాన్‌స్టర్ అనే బల్లి విషంలో దాన్ని పోలినదే, ఎక్కువసేపు నిలిచే పదార్థం ఒకటి కనిపెట్టాడు. దానిపై పేటెంట్ తీసుకోవడానికి ప్రభుత్వ సంస్థ ఆసక్తి చూపకపోతే తానే సొంతంగా తీసుకున్నాడు. తర్వాతి పరిణామాలు చూస్తే ఆ నిరాసక్తత ఎంత ఖరీదైనదో తెలుస్తుంది. ఆ దారిలో 2005లో మధుమేహానికి ఎక్సెనటైడ్ వచ్చింది, 2017లో ఒజెంపిక్ వచ్చింది, 2021 జూన్‌లో బరువు కోసమే వెగోవి వచ్చింది, 2023 నవంబరులో టిర్జెపటైడ్ మందు జెప్‌బౌండ్ వచ్చింది. సెమాగ్లుటైడ్ వాడినవారు సగటున దాదాపు 15 శాతం బరువు తగ్గారు. మానేస్తే మాత్రం ఏడాదిలో పోయినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగి వస్తుంది. జేబుకు అసలు దెబ్బ ఇక్కడే. ఇది పది రోజుల మందుల కోర్సు కాదు, ఏళ్ల తరబడి కట్టే అద్దె లాంటిది. 2023లో వెగోవికి కంపెనీ ప్రకటించిన ధర లెక్కన ఏడాదికి 16 వేల డాలర్లు దాటేది.

ధర విషయంలోనూ పైకి కనిపించేది ఒకటి, లోపల ఉన్నది ఒకటి. తయారీ కంపెనీ ఒక పట్టీ ధర ప్రకటిస్తుంది. బీమా కంపెనీల తరఫున మందుల బేరాలు ఆడే మధ్యవర్తి సంస్థలు ఉంటాయి. తమ జాబితాలో చోటిచ్చినందుకు అవి తయారీదారు నుంచి రిబేటు రాబడతాయి. పట్టీ ధర ఎంత ఎత్తులో ఉంటే రిబేటు అంత పెద్దదిగా కనిపిస్తుంది. రిబేటు బీమా వైపు పోతుంది. బీమా లేనివారు, డిడక్టిబుల్ (బీమా డబ్బు ఇవ్వడం మొదలయ్యే ముందు రోగే ఏటా కట్టుకోవాల్సిన మొత్తం) ఇంకా పూర్తికానివారు మాత్రం ఎవరూ చెల్లించని ఆ పట్టీ ధరను నిజంగానే చెల్లిస్తారు. ఇన్సులిన్ విషయంలో ఇదే జరిగి పెద్ద గొడవైంది. 2024 సెప్టెంబరులో సెనేటర్ బెర్నీ శాండర్స్ ఒజెంపిక్, వెగోవి తయారు చేసే నోవో నార్డిస్క్ అధిపతిని విచారణకు పిలిచినప్పుడు చెప్పిన లెక్క ప్రకారం, అమెరికాలో నెలకు 969 డాలర్లున్న ఒజెంపిక్ డెన్మార్క్‌లో 122, జర్మనీలో 59. అదే ఏడాది యేల్ పరిశోధకులు, మరికొందరు కలిసి వేసిన అంచనాలో నెల మోతాదు తయారీ ఖర్చు ఐదు డాలర్లు కూడా లేదు. అందులో పరిశోధన ఖర్చు కలపలేదు, నిజమే. కలిపినా ఆ అంతరం పూడేది కాదు.

బీమా ఇచ్చిన చోట ఏం జరిగిందో నార్త్ కరోలినా ఉద్యోగులను అడగాలి. ఆ రాష్ట్ర ఉద్యోగుల ఆరోగ్య పథకం మొదట ఈ మందులకు డబ్బు చెల్లించింది. 2023లో ఖర్చు పది కోట్ల డాలర్లు దాటింది. వాడేవారు ఇంచుమించు 25 వేల మంది, పథకంలో ఉన్నవారు ఏడు లక్షలకు పైనే. 2024 ఏప్రిల్ 1న ఆపేసింది. అంతవరకు చిన్న మొత్తం కట్టి తెచ్చుకున్నవారు ఆ తర్వాతి నెల కౌంటరు దగ్గర పూర్తి ధర విన్నారు.

ముందు తలుపు మూసి ఉంటే జనం పక్క తలుపులు వెతుక్కుంటారు. మొదటిది జబ్బు పేరు మార్చడం. 2023 నవంబరులో వెలువడిన 17,604 మంది పరీక్షలో సెమాగ్లుటైడ్ గుండెపోటు, పక్షవాతం వంటి ముప్పులను 20 శాతం తగ్గించినట్టు తేలింది. 2024 మార్చిలో ఔషధ నియంత్రణ సంస్థ ఆ ప్రయోజనాన్ని ఆమోదించగానే, గుండెజబ్బు ఉన్నవారికైతే వెగోవి ఇవ్వవచ్చని మెడికేర్ చెప్పింది. అదే సూది, అదే మోతాదు, చీటీలో కారణం మాత్రం బరువు కాదు. ఇది కొత్త ఎత్తుగడేమీ కాదు. ఎయిడ్స్ రోగుల్లో శరీరం కృశించిపోతే వాడే మందును బరువు పెంచే మందుగా లెక్కించరాదని మెడికేర్ ఎప్పుడో తేల్చుకుంది.

రెండో తలుపు కొరత. 2022 నుంచి ఈ మందులు కొరత జాబితాలో ఉండడంతో, చట్టం ప్రకారం చిన్న ఫార్మసీలు వాటిని స్వయంగా కలిపి అమ్ముకునే వీలు దొరికింది. నెలకు రెండు మూడు వందల డాలర్లకే దొరకడంతో జనం ఎగబడ్డారు. నాణ్యత మీద, మోతాదు పొరపాట్ల మీద ఫిర్యాదులూ వచ్చాయి. కొరత తీరిందని 2024 చివర్లో టిర్జెపటైడ్‌కు, 2025 ఫిబ్రవరిలో సెమాగ్లుటైడ్‌కు నియంత్రణ సంస్థ ప్రకటించాక ఆ వీలు చాలావరకు మూసుకుపోయింది. కానీ ఈ రెండు మూడేళ్లలో పెద్ద కంపెనీలకు ఒక సంగతి అర్థమైంది: బీమా లేకుండా సొంత డబ్బుతో కొనేవారు లక్షల్లో ఉన్నారు, సరైన ధర చెబితే చాలు.

2024 ఆగస్టులో జెప్‌బౌండ్ తయారీ కంపెనీ ఎలీ లిల్లీ ఆ మందును చిన్న సీసాల్లో నేరుగా రోగికే అమ్మడం మొదలుపెట్టింది. వాటికి పెన్ను ఉండేది కాదు, రోగే సిరంజితో మందు లాగి పొడుచుకోవాల్సి వచ్చేది. మొదటి మోతాదు నెలకు 399 డాలర్లు, తర్వాతిది 549. 2025 ఫిబ్రవరిలో ఇంకా తగ్గించి పెద్ద మోతాదులూ చేర్చింది, ఒక మెలికతో. ఆ పెద్ద మోతాదులను 45 రోజుల్లోపు మళ్లీ కొంటేనే 499, లేకపోతే వంద నుంచి రెండు వందలు అదనంగా పడేది. ఒక నెల చేతిలో డబ్బు ఆడక ఆగినవాడికే జరిమానా అన్నమాట. మార్చిలో నోవో కూడా వెగోవిని 499కి దింపింది. ఇలా కొన్న సొమ్ము సాధారణంగా బీమా డిడక్టిబుల్‌లో గానీ, మెడికేర్ రోగి ఏడాదికి కట్టాల్సిన గరిష్ఠ మొత్తంలో గానీ లెక్కకు రాదు. వైద్యుడికి, రోగి జేబుకు మధ్య ఎవరూ లేని 1960ల ఏర్పాటు ఇంకో రూపంలో తిరిగొచ్చినట్టు నాకు అనిపిస్తుంది, మందు మాత్రం ఈసారి నిజంగా పనిచేసేది.

ప్రభుత్వం వైపు నుంచి బైడెన్ యంత్రాంగం 2024 నవంబరులో చట్టం జోలికి వెళ్లకుండానే, ఊబకాయానికి వాడే మందు వేరు, ఉత్త బరువు మందు వేరు అని అర్థం చెప్పి మెడికేర్‌లో చేర్చాలని ప్రతిపాదించింది. ట్రంప్ యంత్రాంగం 2025 ఏప్రిల్‌లో దాన్ని పక్కన పెట్టింది. అదే ట్రంప్ నవంబరు 6న రెండు కంపెనీల అధిపతులను వైట్‌హౌస్‌కు పిలిచి ఒప్పందం ప్రకటించారు. మెడికేర్‌కు నెలకు 245 డాలర్ల ధర, అర్హులైన రోగి కట్టేది 50. సొంతంగా కొనేవారికి సగటున 350 నుంచి మొదలై రెండేళ్లలో 245 వైపు దిగాలి. పక్షం తిరగకుండానే నోవో 349కి వచ్చింది. బరువు కోసం వాడే సెమాగ్లుటైడ్ మాత్ర 2025 డిసెంబరులో ఆమోదం పొంది, తొలి మోతాదు 149 డాలర్లకు అమ్మకానికి వచ్చింది.

మెడికేర్ రోగులకు ప్రకటించిన ఆ 50 డాలర్ల వెసులుబాటును ప్రయోగాత్మక పథకం అని పిలవక తప్పలేదు. ఎందుకంటే చట్టం మారలేదు. 1990 జాబితాలోంచి నిద్రమాత్రలు బయటపడ్డాయి, పొగతాగడం మాన్పించే మందులు బయటపడ్డాయి. బరువు మందులు ఇప్పటికీ మొదటి అంశంగానే ఉన్నాయి, రెండు అంశాల కింద జుట్టు మందులు.