రాయడం ఎవరు నేర్పుతారు? కొన్ని అపోహలు, వాస్తవాలు

కొత్తవాళ్ల కథలు దిద్దడం నా వృత్తి. ఈ మాటలు దాదాపు ప్రతి ఒక్కరి నోటా వింటుంటాను.

అపోహ: రాయడం పుట్టుకతో రావాలి, నేర్పితే రాదు.

వాస్తవం: ఫ్రెంచ్ కథకుడు మపాసా తల్లి లోర్, నవలా రచయిత ఫ్లోబేర్ చిన్ననాటి స్నేహితులు. ఆ పరిచయంతో కుర్రవాడు ఫ్లోబేర్‌కు శిష్యుడయ్యాడు. ఏడేళ్లపాటు పద్యాలు, కథలు, చివరికి ఒక నాటకం కూడా రాశాడు. అన్నీ గురువు చదివేవాడు. వాటిలో ఏదీ మిగల్లేదని 1888లో అచ్చయిన ఒక వ్యాసంలో మపాసాయే రాసుకున్నాడు. పేరు తెచ్చిన కథ 1880లో అచ్చయ్యేనాటికి ఆయనకు 30 ఏళ్లు నిండబోతున్నాయి. గుమ్మంలో కూర్చున్న కిరాణా వ్యాపారిని, మరే వ్యాపారితోనూ పొరబడే వీలులేకుండా వర్ణించమనేవాడట ఫ్లోబేర్. ఈ అభ్యాసం నేనూ ఇస్తాను. మీసాలు, బొజ్జ రాసుకొస్తారు చాలామంది. అవి ఎవరికైనా ఉంటాయి!

అపోహ: గురువు దిద్దితే మన శైలి పోతుంది.

వాస్తవం: 'తాతయ్య చాలా కోపంగా తలుపు వేశాడు' అని ఒకరు రాశారనుకుందాం. నేను 'చాలా కోపంగా' కొట్టేస్తాను. 'తాతయ్య తలుపు వేశాడు' మిగులుతుంది, కోపం మాయమవుతుంది. ఇక వెతుక్కోవలసింది రాసినవారే. ఒకరు 'గోడమీది కేలండర్ ఊగింది' అని చేరుస్తారు. మరొకరు తాతయ్య చేత తలుపు చప్పుడు కాకుండా వేయిస్తారు. శైలి బయటపడేది ఇలాంటిచోటే. కొట్టేసిన చోట తన వాక్యం రాసిపెట్టే గురువులూ ఉన్నారు. వాళ్లకు దూరంగా ఉండండి.

అపోహ: ఇంట్లో రచయిత ఉంటే సగం పని అయినట్టే.

వాస్తవం: రష్యన్ కథకుడు చెహోవ్ తాత భూదాసుడు, తండ్రి కొట్టు నడిపేవాడు. అన్న అలెగ్జాండర్ రచయితే, కానీ 1886లో సాగదీయకు, క్లుప్తంగా రాయి అని ఉత్తరంలో పాఠం చెప్పింది తమ్ముడే. ఇంటినుంచి దక్కేది వేరే ఉంది. ఊ కొట్టడం ఆలస్యమైందంటే అమ్మమ్మ వర్ణన ఆపి రాక్షసుణ్ణి దింపేస్తుంది. ఆ ఒడుపు ఏ తరగతిలోనూ నేను నేర్పలేను.

అపోహ: ఇంట్లోవాళ్లకు నచ్చితే కథ బాగున్నట్టే.

వాస్తవం: అమ్మకు నచ్చని కథ ఇంతవరకూ ఎవరూ రాయలేదు. అయినా వినిపించండి. 'ఎలా ఉంది?' అని మాత్రం అడగకండి. ఒక రోజు ఆగి, కథ తిరిగి చెప్పమనండి. వాళ్లు తడుముకున్న చోట, ఇద్దరు పాత్రలను ఒకరుగా కలిపేసిన చోట పెన్సిలుతో గీత పెట్టుకోండి. దిద్దడం అక్కణ్నుంచి మొదలుపెట్టవచ్చు.